గొడుగు పట్టిన చేతులు

కొత్తింటి హాల్లోకి రాజులు వచ్చి చేరినప్పటినుంచీ సోమక్కకు అన్నం సయించడం లేదు.

ఒకరా ఇద్దరా, ఏడుగురు. గోడ పొడుగునా నల్లటి ఫ్రేముల్లో కొలువుదీరి కూర్చున్నారు. ఒకాయన ఏనుగెక్కాడు. ఒకాయన చచ్చిన పులి మీద కాలు పెట్టి మీసం తిప్పుతున్నాడు, ఆ పులిని తానొక్కడే ఉత్త చేతులతో చంపినట్టు. ఒక రాణిగారి ముక్కుకు గాజంత నత్తు. అన్నీ పాతకాలం ఫోటోలు, చాయ్ ఒలికిన గుడ్డలా గోధుమరంగువి. నడిమధ్యన ఉన్నది అన్నిటికంటే పెద్దది, తలుపు రెక్కంత ఉంటుంది. అందులో రాజు సింహాసనం లాంటి కుర్చీలో కత్తి ఒళ్ళో పెట్టుకుని, మెడలో నాలుగు పేటల ముత్యాలతో, లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు చూస్తుంటాడు. తల మీద జాలరుల గొడుగు.

హనుమకొండలో వడ్డేపల్లి వైపు ఈ డూప్లెక్సు కట్టింది సోమక్క కొడుకు శ్యాంసుందర్. ప్లాట్ల వ్యాపారం. ఇంటిని సింగారించే పని దీప అనే ఇంటీరియర్ అమ్మాయికి అప్పగించాడు. ఆ పిల్ల మంచిదే, గలగలా మాట్లాడుతుంది, సోమక్క కనపడితే ఆంటీ అని పలకరిస్తుంది. కానీ ఇల్లంతా రాయల్ లుక్ రావాలని పట్టుబట్టి ఈ ఏడుగురినీ తెప్పించింది కూడా ఆ పిల్లే.

"ఎవలు బిడ్డా గీయినె?" అని సోమక్క నడిమిరాజును చూపించి అడిగింది.

"తెల్వదు ఆంటీ. ఏదో సంస్థానం మహారాజా. వింటేజ్ ప్రింట్. ఇప్పుడు అందరిండ్లల్ల ఇవే నడుస్తానయ్."

పేరు తెలియని మనిషిని ఇంట్లో నట్టనడుమ కూర్చోబెట్టడం ఏం మర్యాదో సోమక్కకు అర్థం కాలేదు. అది చాలదన్నట్టు, పేరు తెలిసిన మనిషిని తీసి స్టోర్ రూంలో పెట్టారు.

ఆ మనిషి సోమక్క భర్త సమ్మయ్య. ఏనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్ళు పత్తి బస్తాలు మోశాడు. తొమ్మిదేళ్ళ కింద పోయాడు. శివనగర్‌లో అద్దెకున్న రెండు గదుల ఇంట్లో ఆయన ఫోటో తలుపుకు ఎదురుగా ఉండేది. ఆ ఫోటోకు కూడా ఒక కథ ఉంది. కార్డు సైజు బొమ్మను పెద్దది చేయమని ఇస్తే స్టూడియో వాడు కంప్యూటర్‌లో సమ్మయ్యకు కోటూ టై తొడిగి పెట్టాడు. చూసి అందరూ మురిశారు, సోమక్క తప్ప. "మా ఆయినె కోటు ఎన్నడు తొడగలె. నా మొగని అంగి నాకియ్యి" అని ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి కోటు తీయించి, పాత నీలం చొక్కా మళ్ళీ పెట్టించేదాకా స్టూడియో గడప దిగలేదు.

దండ వేసిన ఫోటో హాల్లో రాయల్ లుక్‌కు నప్పదని దీప అంది. చనిపోయినవాళ్ళ బొమ్మ దేవుడి గదిలో ఉండకూడదని కోడలు వినోద అంది. ఇద్దరూ సౌమ్యంగానే అన్నారు, అన్నవాళ్ళ మీద అరవడానికి కూడా వీల్లేకుండా. సమ్మయ్యను పాత దుప్పట్లో చుట్టి ఇన్వర్టర్ పక్కన అరలో పెట్టారు. మంచి చోటు చూసి పెడదాం, జర ఆగమన్నాడు శ్యాంసుందర్. ఆ 'జర'కు ఐదు నెలలు నిండాయి. ఏడుగురు ఊరూపేరూ లేనివాళ్ళకు చోటు దొరికిన ఇంట్లో, ఆ ఇంటాయన్ను కన్న తండ్రికి జానెడు గోడ దొరకలేదు.

గృహప్రవేశం నాడే మొదటి తగువు అయింది. సమ్మయ్య అక్క కట్టమ్మ వర్ధన్నపేట అవతల పల్లెనుంచి వచ్చింది. డెబ్బై ఐదేళ్ళ మనిషి. ఆమె లెక్కలో గోడకు పాత ఫోటో ఉందంటే అది పోయిన పెద్దల ఫోటోనే, కొత్తింట్లో పెద్దలకు బొట్టు పెట్టకుండా ఎవరైనా అన్నం తింటారా. కుంకుమ భరిణె పట్టుకుని వరసగా ఏడుగురికీ బొట్టు పెట్టుకుంటూ పోయింది. ఏనుగు మీది ఆయనకు పెట్టింది, ముక్కెర రాణికి పెట్టింది, చేతిలో కుంకుమ ఎక్కువైందేమో పులికీ పెట్టింది. పెట్టి, కళ్ళకద్దుకుని, వెనక్కి తిరిగి అడిగింది.

"అందరున్నరు గని మా తమ్ముడేడి సోమక్కా?"

సోమక్క జవాబు చెప్పేలోపే శ్యాంసుందర్ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అత్తను ఏమీ అనలేదు, మొహం మాత్రం మాడ్చుకుని అద్దాల మీద బొట్లన్నీ తుడిచేశాడు. ఖరీదైన ఫ్రేములట, కుంకుమ అంచుల్లోకి దిగితే పోదట. కట్టమ్మ కుంకుమ వేళ్ళను కొంగుకు తుడుచుకుని అలాగే నిలబడిపోయింది. అంతలో ఆమె చూపు నడిమిఫోటోలో ఒకచోట ఆగింది.

"గీ చేతులెవలియే?"

అప్పుడు చూసింది సోమక్క. రాజు కుర్చీ వెనక, ఒక పక్కగా, గొడుగు కర్రను బిగించి పట్టుకున్న రెండు చేతులు. నల్లటి, ఎముకలు తేలిన చేతులు. మోచేతులకు అవతల ఏమీ లేదు. అక్కడ ఫ్రేము మొదలైంది. కింద కుర్చీ కాలి పక్కన దుమ్ములో సగం పాదం, చెప్పు లేనిది. అంతే మనిషి.

ఆడబిడ్డా మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

కట్టమ్మకు తండ్రి, సోమక్కకు మామ, కొమ్మాలు. ఊళ్ళో దొర గడీలో వెట్టి చేసినవాడు. దొర పొలాల మీదికి బయల్దేరితే వెనక గొడుగు పట్టి నడవడం ఆయన వంతు. కాళ్ళకు చెప్పులు ఉండకూడదు. గొడుగు నీడ దొర మీదే ఉండాలి, తన మీద పడకూడదు. దొర గట్టు మీద కుర్చీ వేయించుకుని కోతలు చూస్తే పొద్దు వాలేదాకా వెనక నిలబడాల్సిందే. ఒక వేసవిలో ఎండదెబ్బకు కళ్ళు తిరిగి గొడుగు పక్కకు వాలింది, దొర మొహం మీద రవ్వంత ఎండ పడింది. ఆ రవ్వంత ఎండకు కొమ్మాలును గడీ ముందు వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. గొడుగు వదిలిన చెయ్యేదని అడిగి, కుడిచేతి వేళ్ళ మీద కట్టెతో కొట్టించారు. ఆ వేళ్ళు మళ్ళీ తిన్నగా కాలేదు. గొడుగు కర్ర పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి.

సోమక్క కాపురానికొచ్చేసరికి గడీ కూలిపోయింది, దొర పట్నం పోయాడు, వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వాటితోనే జొన్న గట్క తాగేవాడు. వాటితోనే మనుమడు శ్యాంసుందర్‌కు బువ్వ కలిపి, ఆ వంకర వేళ్ళ మధ్య చిన్న ముద్ద చేసి, ఆరేడేళ్ళు వచ్చేదాకా తినిపించాడు. బతికినన్నాళ్ళూ ఫోటో దిగలేదు. దిగమంటే నవ్వి, మనకెందుకే బిడ్డా అనేవాడు.

గృహప్రవేశం అయిన రెండు రోజులకు లైట్లు సరిచేయడానికి దీప వస్తే సోమక్క ఆ చేతుల గురించి అడిగింది. దీప ఏ మాత్రం తడుముకోలేదు.

"సర్వెంట్ ఆంటీ. ఒరిజినల్‌ల పూర్తిగ ఉంటడు. మన ఫ్రేముకు వెడల్పు ఎక్కువైతాందని క్రాప్ చేసినం. గొడుగు రాజు నెత్తి మీద ఉంది గద, చేతులు తీస్తే గొడుగు పోతది. అందుకే ఉంచినం."

గొడుగు కావాలి, పట్టినవాడు అక్కర్లేదు. సోమక్క ఒళ్ళు భగ్గుమంది. దొర కూడా ఇంతే చేశాడు గదా. ఆయన కాలంలో కత్తిరించడానికి కంప్యూటర్ లేదు, కట్టె ఉండేది. ఏమీ ఎరగని ఆ పిల్లను పట్టుకుని అనడానికి నోరు రాక, లేచి స్టోర్ రూంలోకి పోయి దుప్పటి మీదినుంచే సమ్మయ్యను తడిమి వచ్చింది.

ఆ తర్వాత కూడా ఓర్చుకునేదేమో. ఓంప్రకాశ్ వచ్చిన సాయంత్రం మాత్రం ఓర్పు తెగింది.

ఓంప్రకాశ్ శ్యాంసుందర్‌కు కొత్త పార్ట్‌నర్. పెద్ద చేయి. మాట మాటకూ మా ముత్తాత, మా భూములు అని మొదలుపెట్టే మనిషి. సోఫాలో కూర్చుని నడిమిరాజును తేరిపార చూసి, "మీ తాతనా శ్యాం? పోలిక కొడ్తాంది" అన్నాడు.

వంటింటి గుమ్మంలో చాయ్ పళ్ళెంతో నిలబడ్డ సోమక్క కొడుకు జవాబు కోసం చూసింది. శ్యాంసుందర్ నవ్వాడు. తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. "పాత ఫ్యామిలీ గదన్నా" అని చాయ్ అందుకున్నాడు.

ఓంప్రకాశ్ వెళ్ళేదాకా ఆగి సోమక్క కొడుకు ముందు నిలబడింది.

"గాయినెను నీ తాత అని చెప్తవారా?"

"నేను చెప్పలేదమ్మా. ఆయననే అనుకున్నడు." ఈ ఇంట్లోకి వచ్చాక వాడు అవ్వా అని పిలవడం మానేసి అమ్మా అంటున్నాడు. అది కూడా రాయల్ లుక్‌లో భాగమే కాబోలు.

"అనుకుంటాంటే సూసుకుంట కూసున్నవ్."

"బిజినెస్‌ల గివన్ని ఉంటయ్. నువ్వు ఫికర్ చెయ్యకు."

"మీ అత్త పెట్టిన బొట్లు తుడువనీకి ఉరికొస్తివి. ఓంప్రకాశ్ అన్న మాట తుడువనీకి నీకు బట్ట దొరకలేదారా?"

శ్యాంసుందర్ ఫోన్ చూసుకున్నాడు. సోమక్క ఆ ఫోన్ మీద అరచెయ్యి పెట్టి మూసింది. "పెత్రమాస నాటికి మీ నాయిన ఫోటో గోడకెక్కాలె. ఎక్కకపోతే నేను గీ ఇంట్ల పొయ్యి ముట్టియ్య. ఫోటో సంకల పెట్టుకొని మీ అత్త దగ్గరికి పోత." వాడు సరేనన్నాడు. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాడు.

పెత్రమాస ఆదివారం వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే నాడు, పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య. పురోహితుడు అయ్యగారు ఇంటికొస్తారు, ఇంటి కొడుకు నువ్వులూ నీళ్ళూ చేతిలో పోసుకుని తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్తాడు. చెప్పిన పేరుకే బియ్యం ముడుతుందని నమ్మకం. పొద్దున్నే సోమక్క స్నానం చేసి హాల్లోకి వచ్చి చూసింది. గోడ నిన్న ఎలా ఉందో అలాగే ఉంది.

"మేకు కొడ్తే టెక్చర్ పెయింట్ పోతదట. దీప మనిషిని పంపుతనన్నది, రాలె" అన్నాడు శ్యాంసుందర్. అని, ఇంకో కబురు కూడా చల్లగా చెప్పాడు. ఇవాళ పెత్రమాస అని గుర్తులేక ఓంప్రకాశ్‌ను భోజనానికి పిలిచాడట.

సోమక్క స్టోర్ రూంలోకి పోయి సుత్తె, ఒక మేకు వెతికి తెచ్చి కొంగున కట్టుకుంది. దుప్పటి విప్పి సమ్మయ్యను తెచ్చి హాల్లో గోడకు ఆనించి నేల మీద పెట్టింది. నేల మీదైనా సరే, తన బియ్యం తన కళ్ళతో చూసుకుంటాడు.

పదకొండింటికి అయ్యగారు వచ్చారు. ముసలాయన, ఇంకా నాలుగిళ్ళు తిరగాలన్న తొందరలో ఉన్నారు. ఆయన వెనకే ఓంప్రకాశ్ కూడా దిగాడు. చాటలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ, చింతపండు, కూరగాయలు సర్ది వినోద హాల్లో పెట్టింది. పెద్ద ఫోటో ఉన్నచోటే పెద్దలచోటని అయ్యగారు నడిమిరాజు కింద చాప వేయించుకున్నారు. తలెత్తి చూసి, "పెద్దాయనకు బొట్టు పెట్టలేదేందమ్మా" అని, కుంకుమలో వేలు ముంచి రాజు నొసట తానే దిద్దారు. ఓంప్రకాశ్ సాక్సులు కూడా విప్పి, సాయంత్రం బతుకమ్మకని తెచ్చిన తంగేడు పూల గుట్టలోంచి దోసెడు తీసుకుని ఫ్రేము కింద భక్తిగా పోశాడు. శ్యాంసుందర్ ఈసారి తడిగుడ్డ తేలేదు.

"తండ్రి పేరు?" అన్నారు అయ్యగారు.

"సమ్మయ్య."

"తాత పేరు?"

శ్యాంసుందర్ దోసిట్లో నువ్వుల నీళ్ళు. వాడి కళ్ళు ఓంప్రకాశ్ వైపు పోయాయి. ఓంప్రకాశ్ చేతులు జోడించి, ఏ రాజా అనో ఏ బహదూర్ అనో వినబోతున్నట్టు రాజు వంకే చూస్తున్నాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చాప మీదికి కారుతున్నాయి.

"తాత పేరు చెప్పు నాయనా. పోయేటిది ఉంది."

"తాత పేరు..." శ్యాంసుందర్ గొంతు సవరించుకున్నాడు. "తెల్వదు అయ్యగారు."

"తెల్వకపోతే పెద్దలందరికి అని చెప్తం. ఏం కాదు" అని ఆయన మంత్రం అందుకోబోయారు.

సోమక్కకు వచ్చింది ఏడుపు కాదు, కోపం, అరికాలినుంచి నెత్తికి. తెలియదా? ఏ తాతది తెలియదు? ఆ పేరు చెవులారా విని, ఆ ఒళ్ళో కూర్చుని, ఆ చేతి ముద్ద మింగినవాడికి తెలియదా? దొర ఆ మనిషి వేళ్ళే విరిచాడు. ఆ మనిషి కొడుక్కు పుట్టినవాడు పేరే తీసేశాడు.

లేచింది. అయ్యగారి ముందున్న కుంకుమ భరిణె అందుకుంది. మంత్రం ఆగిపోయింది. ఎవరినీ తప్పుకోమనకుండా చాట పక్కనుంచి ఫోటో దగ్గరికి పోయి, రాజు మొహం వైపు కూడా చూడకుండా, గొడుగు కర్రను పట్టుకున్న చేతుల మీద బొట్టు పెట్టింది. ముందు కుడిచేతికి, తర్వాత ఎడమచేతికి. వంగి దుమ్ములో ఉన్న సగం పాదానికి ఇంకొకటి పెట్టింది.

"చదువుండ్రి అయ్యగారూ. పేరు కొమ్మాలు. దొరకు గొడుగు పట్టిన కొమ్మాలు. నా మామ, వీని తాత."

ఓంప్రకాశ్ జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి. "మరి... గా కుర్చీల ఉన్నాయన?"

"గాయినె ఎవలో మాకెర్కలేదు బిడ్డా. అంగట్ల కొన్నం." సోమక్క గొంతు పెద్దది చేయలేదు. "మావోడు మాత్రం గీ చేతులు. మోచేతుల అవతలి మనిషి ఫ్రేముల పట్టలేదని కోసేసిండ్రు. చేతులు కోస్తే రాజుకు ఎండ కొడ్తదని వదిలేసిండ్రు."

అయ్యగారు ఒక క్షణం ఆ చేతులను చూశారు. తర్వాత కొమ్మాలు పేరు మూడుసార్లు, స్పష్టంగా, ఆ తొందరంతా పక్కన పెట్టి చదివారు. శ్యాంసుందర్ తల వంచుకుని నీళ్ళు వదిలాడు. ముత్తాత పేరు సోమక్కకు కూడా తెలియదు. వెట్టివాళ్ళ పేర్లు రాసిపెట్టినవాడు ఎవడున్నాడు గనక. ఆయనకు పెద్దలందరి లెక్కలోనే ఇచ్చారు.

ఓంప్రకాశ్ నాలుగు మెతుకులు కతికి, పనుందని వెళ్ళిపోయాడు. అయ్యగారు చాటలోవి మూట కట్టుకుని పోయారు. వినోద ఎంగిలి కంచాలు తీసి వంటింట్లోకి వెళ్ళింది. తల్లీ కొడుకూ మిగిలారు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే అవ్వా" అన్నాడు శ్యాంసుందర్. ఐదు నెలల తర్వాత అవ్వా అన్నాడు. దానికి కరిగిపోయే స్థితిలో లేదు సోమక్క.

"నీ ఇజ్జత్ యాడున్నదిరా నేను తియ్యనీకి? గాయినె కుర్చీల ఉన్నదా? నీ నోట్ల ముద్ద పెట్టిన చేతులురా అవి. పేరు తెల్వదంటివి. నా ముంగట, పెత్రమాస నాడు, చేతుల నీళ్ళు పట్టుకొని తెల్వదంటివి."

వాడు వంటింట్లోకి పోయి తడిగుడ్డ పట్టుకొచ్చాడు. సోమక్క తంగేడు పూల గుట్ట పక్కన కూలబడి చూస్తోంది. ఆ చేతుల మీద బొట్టు తుడిచాడా, సమ్మయ్యను సంకలో పెట్టుకుని వర్ధన్నపేట బస్సెక్కడమే. బతుకమ్మ కట్టమ్మ వాకిట్లోనే ఆడుకుంటుంది. ఈ గడప మళ్ళీ తొక్కదు.

శ్యాంసుందర్ గుడ్డను అద్దం దాకా తెచ్చాడు. చెయ్యి ఆ చేతుల దగ్గరికి పోయి ఆగింది. వంగిన వేళ్ళ మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. వాడి మొహం సోమక్కకు కనపడలేదు, వీపే కనపడింది. తర్వాత గుడ్డ పైకి లేపి రాజు నొసటి బొట్టు తుడిచాడు. ఎర్ర మరక మిగలకుండా, అంచుల దాకా, రెండుసార్లు తుడిచాడు. కింద ఉన్న మూడు బొట్ల జోలికి పోలేదు.

"గది తుడిచినవ్ గని, తెల్వదన్న మాట పోలేదు" అంది సోమక్క.

"ఎర్కే." వాడు నేల మీదున్న తండ్రి ఫోటోను లేపి అద్దం మీది దుమ్మును చొక్కాతో తుడిచాడు. "మేకు యాడ కొట్టాలె?"

సోమక్క కొంగు ముడి విప్పి సుత్తె, మేకు వాడి చేతిలో పెట్టింది.

"గా చేతుల పక్కపొంటి" అంది. "మీ నాయినకు నడక నేర్పింది గవ్వే."

మొదటి దెబ్బకే టెక్చర్ పెయింట్ అరచెయ్యంత పెచ్చు ఊడి తంగేడు పూల మీద పడింది. శ్యాంసుందర్ ఆగి వెనక్కి చూశాడు. సోమక్క ఇంకోటి కొట్టమంది.